తీసిన చేతికి కూలి లేదు

"ఈ బస్సు డ్రైవరు రాత్రి నిద్రపోయినాడో లేదో ఎవరన్నా అడిగినారా?"

నేను ఈ మాట అనేటప్పటికి బస్సు ఇంకా జమ్మలమడుగు స్టాండు వదలనేలేదు. డ్రైవరు కింద నిలబడి టీ తాగుతున్నాడు. ముందు చక్రం పక్కన ఒక కుక్క పడుకుని ఉంది. అది లేవకపోతే ఒక భయం, లేచి అడ్డంగా పోతే ఇంకొక భయం.

"కండ్లు ఎర్రగా ఉండాయి గదప్పా ఆ మనిషికి," అన్నాను.

"పుట్టుకతోనే ఎరుపు లేమ్మా," అన్నాడు కండక్టరు. "వాళ్ళ నాయనకూ అంతే. ఆయన గూడా ఈ దావలోనే తోలినాడు బస్సు."

"ఇప్పుడు యాడుండాడు ఆయన?" అన్నాను, ఏ లోయలో అని చెబుతాడోనని గుండె పట్టుకుని.

"ప్రొద్దుటూర్లో. రెండో పెండ్లి చేసుకోని శానా సుఖంగా ఉండాడు."

బస్సంతా నవ్వింది. మా ఆయన పత్రికను ముఖానికి ఇంకొంచెం దగ్గరగా పెట్టుకున్నాడు. నా పక్కన మా అబ్బాయి గణపతి నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు విన్నాక నాకు డ్రైవరు కండ్లు, చక్రం పక్కన కుక్క, అన్నీ మరుపున పడ్డాయి.

ఇంతవరకూ ఈ కథ చదువుతూ మా వెంట వచ్చినవాళ్ళకు ఈ ప్రయాణం ఎందుకో తెలుసు. ఈ వారమే మాతో బస్సెక్కినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలి. పోయిన కార్తీకంలో పెన్నకు ఎన్నడూ రానంత నీళ్ళు వచ్చి మా ఊరి దిగువ పేట మునిగింది. మనుషులను ఏరు దాటించే జమాల్ తన గుండ్రటి తోలు పుట్టిని ఆ వరదలోకి తోసి, ఇళ్ళ కప్పుల మీద కూర్చున్నవాళ్ళను విడతలు విడతలుగా బడికి చేర్చాడు. అతనికి తోడుగా ఎక్కినవాడు మా గణపతి. నాతో ఒక మాటైనా చెప్పకుండా ఎక్కాడు. చెబితే నేను ఎక్కనిస్తానా? ఆ రోజు నుంచి వాడికి ఈ దగ్గు. మిషన్ ఆస్పత్రి డాక్టరమ్మ చూసి, ఊపిరితిత్తిలో పుండు పడిందనీ, క్షయ కాదు కాబట్టి భయపడవద్దనీ, కాని మదరాసులో పెద్ద ఆస్పత్రిలో నెలల తరబడి ఉంచితే తప్ప మానదనీ చెప్పింది. భయపడవద్దు అన్న మాట ఒక్కటి తీసేసి మిగిలినవన్నీ నేను గట్టిగా పట్టుకున్నాను. మా ఆయన బడిపంతులు జీతంతో మదరాసు ఎక్కడ, మేమెక్కడ?

అప్పుడే ఈ చట్టం సంగతి తెలిసింది. వరదో నిప్పో వచ్చినప్పుడు దెబ్బ తిన్నవాళ్ళకూ, వాళ్ళను కాపాడబోయి దెబ్బ తిన్నవాళ్ళకూ నయమయ్యేదాకా సర్కారు ఖర్చుతో వైద్యం చేయించాలని హైదరాబాదులో చట్టం రాస్తున్నారట. దానికోసం ఒక సంఘం ఊరూరూ తిరుగుతోంది. చట్టం పూర్తి కాకముందే ఆ సంఘం రాసుకున్న పేర్లకు వైద్యం మొదలుపెట్టవచ్చునట. ఆ సంఘం ప్రొద్దుటూరులో ఉండేది ఈ ఒక్క పూటే. మధ్యాహ్నం జీపెక్కి పులివెందుల పోతుంది.

మా వాడు మాత్రం పేరు ఇయ్యనని మొండికేశాడు. ఎందుకయ్యా అంటే, జమాల్ ఇయ్యడు కాబట్టి. జమాల్ ఎందుకు ఇయ్యడయ్యా అంటే, పుట్టి వాళ్ళ కట్టుబాటు. ఏటిలో నుంచి మనిషిని తీసిన చేతికి కూలి లేదు. పండైనా, పంచైనా, చెంబుడు మజ్జిగైనా సరే, తీసుకుంటే ఏరు తన సొమ్ము తాను మళ్ళీ అడుగుతుందని వాళ్ళ నమ్మకం. వరద తగ్గాక ప్రొద్దుటూరు బట్టల కొట్టు కొండయ్య, తన అత్తగారిని కప్పు మీద నుంచి దించినందుకు జమాల్‌కు ఒక చాపు పంచెలు పంపాడు. జమాల్ వాటికి దండం పెట్టి ఏట్లో వదిలాడు. అవి తేలుకుంటూ పోయి ప్రొద్దుటూరు చాకిరేవులో తగులుకున్నాయి. కొండయ్య గుర్తుపట్టి, ఉతికించి, ఇస్త్రీ వేయించి మళ్ళీ అంగట్లో పెట్టి అమ్ముకున్నాడు. ఏటికి నష్టం లేదు, కొండయ్యకూ నష్టం లేదు.

నష్టమంతా నా కొడుకుకే.

"సంఘం పిలిచింది కాబట్టి వస్తాండాను," అన్నాడు జమాల్ వెనక సీట్లో నుంచి. పిల్లనిచ్చే ఇంటికి పోతున్నట్టు తలకు కొత్త రుమాలు చుట్టుకున్నాడు. కుడి భుజం వరదప్పుడే జారింది, ఇంకా సరిగా లేవదు. అందుకని ఆ రుమాలు భార్య అఖ్తర్ బీ చుట్టిందేమో, ఒక పక్కకు ఒరిగింది. "పోయి, సలాం చేసి, మాకేం వద్దు సార్ అని చెప్పి వస్తాం. అంతే."

"ఆ మాట చెప్పేదానికి టిక్కెట్టు ఎందుకు తీసినట్టు? ఒక కార్డు ముక్క రాసుంటే పోయేది గదా," అంది అఖ్తర్ బీ.

"నాకు రాసేది రాదు గదే."

"వద్దనేది మాత్రం బాగా వస్తాది."

ఆమె నా వైపు వంగి, "అమ్మా, రాత్రంతా ఆ భుజం పట్టుకోని మూలుగుతాడు. పొద్దున్నే లేసి ఏమీ లేదంటాడు. నువ్వన్నా అడుగమ్మా ఆడ," అని గుసగుసలాడింది. ఆమె గుసగుస డ్రైవరుకు కూడా వినబడింది.

"అడుగుతా," అన్నాను. జమ్మలమడుగులో అన్న మాట. ప్రొద్దుటూరులో దిగేటప్పుడు ఆ ధైర్యాన్ని బస్సులోనే వదిలేసి దిగాను.

సంఘం కూర్చున్న హాలు మా ఊరివాళ్ళతో సహా జనంతో నిండిపోయింది. బల్ల వెనక సంఘం అధ్యక్షుడు రామకృష్ణయ్య గారు ఉన్నారు. గుంటూరు వైపు మనిషి. నిండుగా నవ్వే లావుపాటి మనిషి. చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ ప్రతివాళ్ళనూ అండీ అని పిలుస్తున్నారు. ఆ మర్యాదకు మా వైపు జనం బెదిరిపోయి, అడిగినదానికి జవాబు చెప్పకుండా చేతులు కట్టుకుని నిలబడుతున్నారు. ఆయన పక్కన గుమాస్తా కలం పట్టుకుని కూర్చున్నాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. దాని కొక్కెం గట్టిగా ఉందో లేదోనని నేను మా వాణ్ణి రెండు కుర్చీలు పక్కకు జరిపించాను.

"జమాల్ గారూ, రండి. మీ గురించి చాలా విన్నామండీ. వరదలో ఎంతమందిని కాపాడారు?"

జమాల్ చేతులు కట్టుకున్నాడు. "కాపాడేది పైవాడు సార్. నేను పుట్టి తోసినా."

"పోనీ, పుట్టి తోసినందుకేనండీ. మీ భుజానికి దెబ్బ తగిలిందటగా. సర్కారు వైద్యం చేయిస్తుంది."

"వద్దు సార్."

"ఎందుకండీ?"

"తీసిన చేతికి కూలి లేదు సార్ మాకు."

"ఇది కూలి కాదండీ, జమాల్ గారూ. ఇది హక్కు."

జమాల్ ఒక అడుగు ముందుకు వేశాడు. "హక్కంటే కూలి కంటే పెద్దది గద సార్? చిన్నదే వద్దంటాంటే పెద్దది ఎట్ల తీసుకునేది?"

జనం గొల్లుమన్నారు. రామకృష్ణయ్య గారు కూడా నవ్వారు. నవ్వుతూనే మెడ తుడుచుకుని, "మీరైనా చెప్పండి గణపతి గారూ. చదువుకున్నారు," అన్నారు.

మా వాడు లేచాడు. "నేనూ అదే పుట్టిలో ఉన్నాను సార్. జమాల్ మామకు లేని హక్కు నాకెందుకు?" అని కూర్చుని దగ్గాడు. దగ్గు ఆగేదాకా హాలంతా ఓపిగ్గా చూసింది. నా ఓపిక మాత్రం అక్కడే అయిపోయింది.

ఎట్లా లేచానో నాకు తెలియదు. మా ఆయన నా కొంగు పట్టుకుని లాగడం మాత్రం తెలుసు.

"అయ్యా, నేను ఈ పిల్లోని తల్లిని. కామాక్షమ్మ నా పేరు. ఒక మాట అడగొచ్చునా?"

"అడగండమ్మా."

"మిమ్మల్ని కాదు, జమాలన్నను అడుగుతా. ఏమన్నా, తీసిన చేతికి కూలి లేదంటివి. సరే. మరి మునిగి తేలినోనికి?"

జమాల్ తలెత్తాడు. "మునిగినోనికి ఏముందమ్మా? వానికి కట్టుబాటు లేదు. వానికి కడుపుకు పెట్టేది, గుడ్డ ఇచ్చేది, మందు పోసేది పుణ్యమే గదా."

"చూసినారా అయ్యా! మునిగినోడు తీసుకోవచ్చునంట. తీసినోడే తీసుకోగూడదంట." నాకు ఏడుపూ కోపమూ ఒకటేసారి వచ్చాయి. "మావాడు మంచికి పోయి చెడినాడు. పుట్టిలో భద్రంగా కూచోని, కట్టిన గుడ్డ గూడా తడవకుండా ఇంటికి వచ్చినాడు. దాని బదులు ఆ పొద్దు ఆ ఏట్లో మునిగి తేలి ఉంటే ఈ రోజు మదరాసు ఆస్పత్రి దొరికేది గదా!"

అనేశాక నా మాట నాకు వినబడింది. కన్నతల్లి అనే మాటా అది? రెండు చేతులతో నోరు మూసుకున్నాను. పోనీ శనివారం కాదు, గురువారం అనుకున్నాను. అయినా తథాస్తు దేవతలకు వారాలతో పనేముంది?

అప్పుడు వెనక నుంచి అఖ్తర్ బీ గొంతు వినిపించింది.

"మునిగినాడు గదమ్మా!"

"ఊరుకోవే!" అన్నాడు జమాల్.

"ఎందుకు ఊరుకునేది? ఎన్నాళ్ళని ఊరుకుందును? పుట్టి తిరగబడింది. ఇద్దరూ మునిగినారు. నీళ్ళు తాగి కడుపులు కుండల మాదిరి ఉబ్బినాయి. మా ఇంట్లోనే పండబెట్టి కుంపటి పెట్టినా. ఈ పిల్లోని గుడ్డలు నేనే ఆరబెట్టి, పొడి చేసి పంపిస్తి. అందుకే తడవకుండా వచ్చినాడమ్మా నీ కొడుకు!"

నేను మా వాడి వైపు చూశాను. వాడు నేల వైపు చూశాడు.

పాము కాటుతో, పిడుగు పాటుతో, చేప ముల్లుతో (మా ఇంట్లో చేప వండకపోయినా), లారీ కింద, బావిలో, బాలారిష్టాలు మొదలు నిన్నటి దగ్గు దాకా నా కొడుకును నేను మనసులో పోగొట్టుకోని రకం లేదు. వాడు నిజంగా పోబోయిన ఆ పూట మాత్రం ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని, వరదలో ఇల్లు పోయినవాళ్ళకు గంజి కాస్తూ, "ఏం కాదు లేండమ్మా, అంతా మంచే జరుగుతాది" అని పక్కింటివాళ్ళకు ధైర్యం చెబుతున్నాను. పుట్టి బుద్ధెరిగి నేను ఆ మాట అన్నది ఆ ఒక్కరోజే.

"డాక్టరమ్మ నీళ్ళు మింగినావా అని అడిగితే లేదంటివి గదరా!"

"నువ్వు పక్కనే ఉంటివి గదమ్మా," అన్నాడు గణపతి. "చెప్తే నువ్వు నాకంటే ముందు మంచమెక్కుతావని."

"ఎక్కుదును. ఎక్కి దిగుదును. దానికి నువ్వు మునిగిన సంగతి దాచుకుంటావా?"

వాడి వీపు మీద ఒకటి వేశాను. దగ్గు వస్తుందేమోనని మళ్ళీ అదే చేత్తో నిమిరాను. హాల్లో ఎవరో ఆడమనిషి ముక్కు చీదింది. ఇంకెవరో నవ్వారు. నేను రెండూ చేస్తున్నాను.

రామకృష్ణయ్య గారు మాత్రం కుర్చీలో ముందుకు జరిగారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"అయితే ఇంక చిక్కేముందండీ! జమాల్ గారూ, మీరూ మునిగారు. ఆ లెక్కన మీరిద్దరూ బాధితులే. మీ కట్టుబాటుకు భంగం లేదు, మా చట్టానికీ లోటు లేదు. రాయవయ్యా," అన్నారు గుమాస్తాతో.

"రాయొద్దు సార్," అన్నాడు జమాల్.

"మళ్ళీ ఏమొచ్చిందండీ?"

జమాల్ గొంతు తగ్గింది. "పుట్టి తిరగబడిందని కాయితం మీద పడితే రేపు నా పుట్టి ఎవరెక్కుతారు సార్? మా తాత కాలం నుంచి మా పుట్టి తిరగబడలా. ఆ పొద్దు ఒక మాను కొట్టుకొని వచ్చి తగిలింది. అయినా తిరగబడింది తిరగబడిందే. భుజం పోతే పోనీ. పుట్టి పేరు పోతే నేను బతికేదెట్ల?"

అందరికీ అతని మాట సబబుగానే తోచింది. ఆ ఒక్క సబబు మాట నా కొడుకు ఊపిరికి అడ్డం నిలబడింది.

"నేనెక్కుతా!" అన్నాను.

హాలంతా నా వైపు తిరిగింది. మా ఊళ్ళో నా సంగతి తెలియనివాళ్ళు లేరు. ఎండాకాలంలో మోకాటి లోతు పెన్న దాటడానికి కూడా ఇద్దరిని పట్టుకునే మనిషిని నేను.

"ఏమ్మా?" అన్నాడు జమాల్.

"రేపు నీ పుట్టి నేనెక్కుతా అన్నా. ఊరంతా గట్టు మీద నిలబడి చూడనీ. కామాక్షమ్మే ఎక్కిందంటే ఇంక ఎక్కనిది ఎవరు?" అనేశాను. వెంటనే, "నీళ్ళు తక్కువున్న పక్కనే తోలల్ల," అని కూడా అన్నాను.

హాలంతా నవ్విన నవ్వుకు పైన ఫ్యాను ఊడిపడుతుందేమో అనుకున్నాను. అఖ్తర్ బీ నవ్వి నవ్వి గోడకు చేరగిలబడింది. జమాల్ పెదవులు బిగపట్టాడు, బిగపట్టాడు, చివరికి అతనూ నవ్వేశాడు. "యా అల్లా! అమ్మ ఎక్కితే ఇంగ నా పుట్టికి కలెక్టరు గూడా వస్తాడు. రాసుకోండి సార్. తిరగబడిందనే రాసుకోండి. మాను తగిలిందని గూడా రాయండి."

గుమాస్తా కలం సిరాలో ముంచాడు. నా ప్రాణం లేచి వచ్చింది. మదరాసు ఆస్పత్రి మెట్లు నా కండ్ల ముందు కనిపించాయి. ఆ మెట్లు జారుడుగా ఉంటాయేమోనన్న దిగులు కూడా అప్పుడే మొదలైంది.

"ఒక్క నియమం ఉందండీ," అన్నారు రామకృష్ణయ్య గారు. "బాధితుడి పేరు రాయాలంటే, ఆ మనిషిని నీళ్ళలో నుంచి తీసినవాళ్ళు మా ముందు నోటితో చెప్పాలి. పెట్టక తప్పలేదండీ. ఇంకొక ఊళ్ళో కొండ మీద ఇల్లున్నవాళ్ళు కూడా మునిగామని వచ్చారు. ఇక్కడ ఆ ఇబ్బంది లేదుగా. జమాల్ గారూ, గణపతి గారిని తీసింది మీరేగా?"

"కాదు సార్."

"కాదా? అయితే గణపతి గారూ, మీరే జమాల్ గారిని తీసి ఉంటారు."

"లేదు సార్," అన్నాడు మా వాడు.

"మరి?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను అఖ్తర్ బీ వైపు చూశాను. ఆమె చేతులు తిప్పింది. "నాకు తెల్దమ్మా. నేను చూసేటప్పటికి ఇద్దరూ మా వాకిట్లో పడి ఉండిరి."

"ఎవరో తీశారు కదండీ. వరద వాకిట్లో పడుకోబెట్టి పోదు," అన్నారు రామకృష్ణయ్య గారు.

"తీసినారు సార్," అన్నాడు జమాల్. "మా ఇద్దర్నీ ఒక్కరే తీసినారు. పేరు చెప్పగూడదని ఒట్టేయించుకున్నారు. మమ్మల్ని తీసిన చేతి మీద ఒట్టు. నేను దాటలేను."

"నేనూ దాటలేను," అన్నాడు గణపతి.

"ఆ మనిషి బతికే ఉన్నాడా?"

"ఉండాడు సార్."

"పిలిపించగలరా? మధ్యాహ్నం మేము పులివెందుల పోవాలి."

జమాల్ తన రుమాలు సర్దుకున్నాడు.

రామకృష్ణయ్య గారు గుమాస్తాను ఆగమన్నట్టు చెయ్యెత్తారు. ఆ కలం కాగితానికి జానెడు పైన నిలిచిపోయింది. నేను ఆ కలం మొననే చూస్తున్నాను. దాని కొసన ఒక సిరా చుక్క ఉబ్బుతోంది. అది కాగితం మీద పేరుగా పడుతుందో, మరకగా పడుతుందో!

"అయ్యా, ఎవరైనా కానీ," అన్నాను హాలు మొత్తానికి చేతులు జోడించి. "దొంగోడైనా సరే, అప్పులోళ్ళకు కనబడకుండా తిరిగేవాడైనా సరే. పేరు గూడా నేను అడగను, ఏమీ ఇయ్యను, కడకు మేలు చేసినావని గూడా అనను. ఒక్క మాట చెప్పి పోండి. నా కొడుకు ఊపిరి ఆ మాట మీద ఉండాది."

హాలు బయట జట్కా బండి ఒకటి ఆగి, మళ్ళీ పోయింది. జనం ఒకరినొకరు చూసుకున్నారు. ముందు వరసలో కూర్చున్న బట్టల కొట్టు కొండయ్య తాను కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. రామకృష్ణయ్య గారు గడియారం చూసుకుని, చూసినందుకు నొచ్చుకున్నట్టు చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నారు. గణపతి కండ్లు మూసుకున్నాడు. సిరా చుక్క జారి గుమాస్తా వేలి మీద పడింది.

అంతలో నా పక్కన కుర్చీ కిర్రుమంది.

మా ఆయన లేచి నిలబడ్డాడు. వరద రోజు పొద్దుగూకులూ బడిలో పిల్లలకు కాపలా ఉన్నానని నాకు చెప్పిన మనిషి. పత్రికను నాలుగు మడతలు వేశాడు, ఐదో మడత పడక ఊరుకున్నాడు. రామకృష్ణయ్య గారి వైపు చూడబోయి నా వైపు చూశాడు.

"వాళ్ళిద్దర్నీ తీసింది నేనే సార్," అన్నాడు. "ఒట్టు ఏయించిందీ నేనే. ఎట్లా తీసినావని మాత్రం ఈమె ముందర అడగొద్దండి. నాకు ఈత రాదు."